కడుపులో బిడ్డ ఎలా పెరుగుతుంది: నెలలతో పాటు వారాలూ లెక్కపెట్టుకోండి

మన ఇళ్ళలో గర్భం లెక్క అంతా నెలల్లోనే నడుస్తుంది. "ఎన్నో నెలమ్మా?" అని అత్తగారు అడుగుతారు, పక్కింటి పిన్నిగారు అడుగుతారు, గుంటూరు బస్సులో పక్క సీట్లో కూర్చున్నావిడ కూడా అడుగుతుంది. వాళ్ళకి నెలలే చెప్పండి, తప్పేమీ లేదు. మీ వరకు మీరు మాత్రం వారాల్లో లెక్క పెట్టుకోండి. లోపల బిడ్డ పెరిగేది ఆ లెక్కన, డాక్టరుగారు రాసే స్కానులు, ఇంజెక్షన్లు, మాత్రలు అన్నీ ఆ లెక్కన, పైగా కొన్ని పరీక్షలకి వారం దాటిపోతే మళ్ళీ చేయించుకునే వీలే ఉండదు. ఏ వారంలో లోపల ఏం తయారవుతోందో తెలిస్తే ఏ మాత్ర ఎందుకు వేసుకుంటున్నారో, ఏ స్కాన్ ఎందుకు వాయిదా వేయకూడదో ఒకరు చెప్పకుండానే అర్థమవుతుంది. టెన్షన్ కూడా సగం తగ్గుతుంది.

ముందు తేదీ తేల్చుకోండి

డాక్టర్లు లెక్క మొదలుపెట్టేది ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి. అక్కడి నుంచి 280 రోజులు, అంటే 40 వారాలు. సులువుగా కావాలంటే ఆ తేదీకి 9 నెలలు కలిపి, పైన ఇంకో 7 రోజులు కలపండి. ఆఖరి నెలసరి జనవరి 10న వచ్చిందనుకుంటే కాన్పు తేదీ అక్టోబరు 17 అవుతుంది. రిపోర్టుల్లో ఎల్ఎంపీ అని రాసేది మొదటి తేదీ, ఈడీడీ అని రాసేది రెండోది. ఆ రోజే పుడుతుందని కాదు, చాలామంది పిల్లలు దానికి అటో ఇటో కొన్ని రోజుల తేడాతో పుడతారు.

కొత్తగా పెళ్ళైన వాళ్ళ ఇళ్ళలో ఇక్కడే ఒక పెద్ద గొడవ వస్తుంటుంది. నెలసరి వచ్చాక సుమారు రెండు వారాలకి గానీ అండం విడుదల కాదు, కాబట్టి ఈ లెక్కలో మొదటి రెండు వారాలు అసలు కడుపులో ఏమీ ఉండదు. పెళ్ళై 6 వారాలే అయినా స్కాన్‌లో 8 వారాలని రావడం మామూలే, అందులో అనుమానించాల్సిందేమీ లేదు. ఈ ఒక్క సంగతి తెలియక కొత్త కోడలిని మాటలన్న ఇళ్ళున్నాయి, వేవిళ్ళతో నీరసపడి ఉన్న పిల్ల దానికి తోడు ఈ ఏడుపు కూడా ఏడవాలి. కాబట్టి మొదటి స్కాన్‌కి వెళ్ళకముందే మీ ఆయనకి, మీ అత్తగారికి ఈ రెండు వారాల సంగతి చెప్పి ఉంచండి.

అండం సరిగ్గా విడుదల కాని పీసీఓడీ సమస్య ఉన్నవాళ్ళకి, నెలసరి తేదీ గుర్తులేని వాళ్ళకి, 40, 45 రోజులకోసారి నెలసరి వచ్చేవాళ్ళకి ఈ లెక్క సరిగ్గా కుదరదు. వాళ్ళకి మొదటి మూడు నెలల్లో చేసే స్కానే ఆధారం. అందులో బిడ్డ తల నుంచి పిరుదుల దాకా కొలిచిన పొడుగు, రిపోర్టులో సీఆర్ఎల్ అని ఉంటుంది, దాన్నిబట్టి తేదీ వేస్తారు. ఆ వయసులో పిల్లలందరూ ఇంచుమించు ఒకేలా పెరుగుతారు కాబట్టి ఆ కొలత చాలా నమ్మకమైనది. ఒకసారి అలా తేదీ ఖాయమైతే తర్వాతి స్కానులో వేరే తేదీ కనిపించినా లెక్క మార్చుకోవద్దు. ఎనిమిదో నెల స్కాన్‌లో రెండు వారాల తేడా వస్తే మారింది తేదీ కాదు, అది బిడ్డ ఎంత పెరిగిందో చెబుతోంది, దాని గురించి డాక్టర్ని అడగాలి.

ఇప్పుడు గోడకి ఉన్న క్యాలెండర్ తీసుకుని గుర్తులు పెట్టుకోండి. జనవరి 10 లెక్కతోనే చెప్తాను, మీరు మీ తేదీతో వేసుకోండి. బిడ్డ మెడ వెనక నీటి పొర కొలిచే ఎన్‌టీ స్కాన్ 11 వారాలు నిండిన దగ్గర్నుంచి 13 వారాల 6 రోజుల లోపు, అంటే మార్చి 28 నుంచి ఏప్రిల్ 17 దాకా. బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ 18 నుంచి 22 వారాల మధ్య, మే 16 నుంచి జూన్ 13 దాకా. షుగర్ పరీక్ష 24 నుంచి 28 వారాల మధ్య, జూన్ 27 నుంచి జులై 25 దాకా. జులై 25 నుంచి కదలికల మీద శ్రద్ధ పెంచాలి. 37 వారాలు నిండేది సెప్టెంబరు 26న, 39 నిండేది అక్టోబరు 10న. చివరి రెండు తేదీలు ఎందుకు గుర్తుంచుకోవాలో ముహూర్తాల దగ్గరికి వచ్చినప్పుడు చెప్తాను.

మొదటి 12 వారాలు: బయటికి ఏమీ కనపడదు, లోపల అంతా తయారవుతుంది

నెల తప్పేసరికి 4 వారాలు. అప్పటికి పిండం గర్భసంచి గోడకి అతుక్కుని ఉంటుంది, అప్పుడు విడుదలయ్యే హార్మోను వల్లే ఇంట్లో చేసుకునే టెస్టులో రెండు గీతలు వస్తాయి. 6 వారాలకి పిండం పొడుగు అర సెంటీమీటరు, గుండె కొట్టుకోవడం మొదలై ఉంటుంది. అదే సమయానికి మెదడు, వెన్నుపాము తయారయ్యే నాళం మూసుకుపోతుంది. ఒకసారి ఆలోచించండి, నెల తప్పిన రెండు వారాలకే ఆ పని పూర్తయిపోతోంది. మీరు టెస్టు చేసుకుని, ఇంట్లో చెప్పి, మంచిరోజు చూసుకుని సూర్యారావుపేటలోనో కొత్తపేటలోనో డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికే అది అయిపోయి ఉంటుంది. ఆ నాళం సరిగ్గా మూసుకోకపోతే బిడ్డకి వెన్నులో, తలలో లోపాలు వస్తాయి, ఆ ప్రమాదాన్ని చాలావరకు తగ్గించేది ఫోలిక్ యాసిడ్ మాత్ర. అందుకే దాన్ని నెల తప్పాక మొదలుపెట్టడం కంటే పిల్లలు కావాలనుకున్నప్పుడే, కనీసం ఒక నెల ముందు నుంచి వేసుకోవాలి. రోజుకి 400 మైక్రోగ్రాములు సాధారణ మోతాదు, షుగర్, ఫిట్స్ మందులు వాడేవాళ్ళకి, ఇంతకుముందు బిడ్డకి అలాంటి లోపం వచ్చినవాళ్ళకి డాక్టర్లు ఎక్కువ రాస్తారు. ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి. పెళ్ళి కుదిరిన చెల్లెళ్ళకి, మరదళ్ళకి చెప్పండి.

6 వారాలకే స్కాన్‌కి వెళితే ఒక్కోసారి గుండె చప్పుడు కనపడదు. తేదీ నాలుగు రోజులు అటూ ఇటూ అయినా అలా అవుతుంది. వారం, పది రోజులాగి మళ్ళీ రమ్మంటారు, ఆ పది రోజులూ చాలా కష్టంగా గడుస్తాయి, నాకు తెలుసు, కానీ అప్పటిదాకా ఏదీ తేలినట్టు కాదు.

8 వారాలకి ఒకటిన్నర సెంటీమీటరు. చేతులు, కాళ్ళు మొగ్గల్లా వచ్చి వేళ్ళు విడిపోవడం మొదలవుతుంది, కళ్ళు, చెవులు, పై పెదవి, పాలపళ్ళ మొలకలు అన్నీ ఈ రోజుల్లోనే రూపుకొస్తాయి. 10 వారాలకి 3 సెంటీమీటర్లు, ముఖ్యమైన అవయవాలన్నీ తమ తమ చోట్లలో ఉంటాయి. ఇక ఆ తర్వాత నెలలన్నీ వాటిని పెంచడానికి, పనిలో పెట్టడానికి. 12 వారాలకి ఐదున్నర సెంటీమీటర్లు, కాళ్ళు చేతులు ఆడిస్తుంటుంది, మీకు మాత్రం తెలియదు.

గ్రహణం చూస్తే గ్రహణమొర్రి వస్తుందని మనవాళ్ళు భయపెడతారు కదా, పై పెదవి, అంగిలి అతుక్కునే పని 12 వారాల లోపే అయిపోతుంది. ఏడో నెలలో గ్రహణం వస్తే మిమ్మల్ని కదలకుండా పడుకోబెట్టి, మంచినీళ్ళు కూడా తాగనివ్వకపోతే బిడ్డకి కలిగే మేలేమీ లేదు, మీకు నీరసం మాత్రం వస్తుంది. పెద్దవాళ్ళ మనసు నొప్పించడం ఇష్టం లేకపోతే గదిలోనే ఉండండి, అన్నం తినండి, నీళ్ళు తాగండి.

అవయవాలు తయారయ్యే రోజులు కాబట్టే మందుల విషయంలో ఈ 12 వారాలు అంత జాగ్రత్త. మెడికల్ షాపులో అడిగి మాత్ర తెచ్చుకోవడం మానేయండి, ఎక్స్‌రే అవసరమంటే గర్భం సంగతి ముందే చెప్పండి. అల్ట్రాసౌండ్ స్కాన్‌కి ఈ భయం లేదు, అందులో వాడేది శబ్ద తరంగాలు, రేడియేషన్ కాదు. దీనికి రెండో వైపు కూడా ఉంది. ముందు నుంచి థైరాయిడ్‌కో, ఫిట్స్‌కో, బీపీకో మాత్రలు వాడుతున్నవాళ్ళు భయంతో తమంతట తాము ఆపేస్తుంటారు, అది ఇంకా ప్రమాదం. థైరాయిడ్‌నే తీసుకోండి, మొదటి మూడు నెలలు బిడ్డకి సొంత థైరాయిడ్ గ్రంథి పనిచేయదు, మెదడు పెరగడానికి కావలసిన హార్మోను మొత్తం తల్లి నుంచే అందాలి. ఆపేయకుండా వెంటనే డాక్టర్ని కలవండి, అవసరమైతే మోతాదు మారుస్తారు, కొన్ని మందులైతే వేరేవి ఇస్తారు.

గుంటూరు వైపు వాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. మన దగ్గర ఆడవాళ్ళు మిరప చేలలో, పత్తి చేలలో, పొగాకు గ్రేడింగు దగ్గర పనిచేస్తారు. పొగాకు ఆకు పట్టుకుని పనిచేసినా నికోటిన్ చర్మం లోంచి ఒంట్లోకి వెళుతుంది, అది రక్తనాళాలను బిగుసుకునేలా చేసి బిడ్డకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తుంది. పురుగుమందు కొట్టిన చేలో పని కూడా అంతే. కడుపుతో ఉన్నన్ని నెలలూ ఈ పనులకి దూరంగా ఉండేలా ఇంట్లోవాళ్ళే చూడాలి, మేస్త్రీకి చెప్పి వేరే పని ఇప్పించాలి. ఇంట్లో సిగరెట్, చుట్ట తాగే మగవాళ్ళు ఉంటే వాళ్ళు ఇంట్లో తాగకూడదు, వాకిట్లో అరుగు మీద కూర్చుని తాగినా పొగ లోపలికే వస్తుంది. మిరపకాయ కారం తింటే బిడ్డకి ఏమైనా అవుతుందా అని చాలామంది అడుగుతారు. బిడ్డకి ఏమీ కాదు, మీకే గుండెల్లో మంట.

వాంతులతో ఏమీ తినలేకపోతున్నాను, బిడ్డ పెరుగుతుందో లేదో అని దిగులు పడేవాళ్ళకి: ఈ వయసులో బిడ్డ సెంటీమీటర్లలో ఉంది, దానికి కావలసింది చాలా తక్కువ, మీ ఒంట్లో ఉన్న నిల్వల్లోంచి తీసుకుంటుంది. ఏది ఇమిడితే అది, కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు తినండి. నీళ్ళు కూడా ఇమడకపోయినా, రోజంతా మూత్రం రాకపోయినా, వచ్చినా ముదురు రంగులో వచ్చినా అది మామూలు వేవిళ్ళు కాదు, ఆస్పత్రికి వెళ్ళి సెలైన్ పెట్టించుకోవాలి.

మాయ, బొడ్డుతాడు, ఉమ్మనీరు

తల్లి రక్తం నేరుగా బిడ్డలోకి వెళుతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు, ఇద్దరి రక్తాలూ మామూలుగా కలవవు. మధ్యలో మాయ ఉంటుంది, ఒకవైపు మీ రక్తం, రెండోవైపు బిడ్డ రక్తం, పల్చటి పొర అడ్డంగా ఆక్సిజన్, తిండి అటు వెళతాయి, మలినాలు ఇటు వస్తాయి. బొడ్డుతాడులో మూడు రక్తనాళాలు ఉంటాయి, రెండు బిడ్డ నుంచి మాయ దాకా, ఒకటి మాయ నుంచి బిడ్డకి. 12 వారాల సమయానికి హార్మోన్ల పని కూడా మాయ తన చేతుల్లోకి తీసుకుంటుంది, చాలామందికి వాంతులు తగ్గుముఖం పట్టేది ఆ తర్వాతి వారాల్లోనే.

మీది నెగెటివ్ గ్రూపు, మీ ఆయనది పాజిటివ్ అయితే, ఎప్పుడైనా కొద్దిగా బిడ్డ రక్తం మీ ఒంట్లోకి వచ్చినా మీ శరీరం దాన్ని పరాయిదిగా చూసి విరుగుడు తయారు చేసుకుంటుంది, అది తర్వాతి కాన్పులో బిడ్డ రక్తాన్ని దెబ్బతీస్తుంది. దీనికే 28 వారాలకి యాంటీ-డి ఇంజెక్షన్, బిడ్డ పాజిటివ్ అయితే కాన్పు అయ్యాక 72 గంటల లోపు ఇంకోటి. మొదటి నెలల్లో గర్భం పోయినా ఇది అవసరమో లేదో అడిగి తెలుసుకోవాలి.

ఉమ్మనీరు నాలుగో నెల నుంచి ఎక్కువ భాగం బిడ్డ మూత్రమే. బిడ్డ దాన్నే మింగుతుంది, ఊపిరితిత్తుల్లోకి పీల్చి వదులుతుంది, పుట్టాక గాలి పీల్చడానికి అలా అలవాటు పడుతుంది. మాయ నుంచి రక్తం తగ్గితే బిడ్డ మూత్రం తగ్గుతుంది, ఉమ్మనీరు తగ్గుతుంది. అందుకే ప్రతి స్కాన్‌లో దాన్ని కొలుస్తారు. రిపోర్టులో ఏఎఫ్ఐ అని రాసే ఆ కొలత 5 నుంచి 24 సెంటీమీటర్ల మధ్య ఉంటే మామూలు.

మన బెజవాడ ఎండల సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో ఒంట్లో నీరు తగ్గిపోతే ఉమ్మనీరు తగ్గడానికి, నెలలు నిండకుండానే నొప్పులు రావడానికి అవకాశం పెరుగుతుంది. దాహం వేసేదాకా ఆగకండి. మజ్జిగ, మంచినీళ్ళు, కొబ్బరినీళ్ళు పక్కనే పెట్టుకోండి, చెకప్ పొద్దున్నే పెట్టించుకోండి, మధ్యాహ్నం పన్నెండు గంటలకి బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఆటోలో ఇరుక్కునే పరిస్థితి తెచ్చుకోకండి.

13 నుంచి 28 వారాలు

11 నుంచి 14 వారాల మధ్య జరిగే ఎన్‌టీ స్కాన్‌లో బిడ్డ మెడ వెనక నీటి పొర మందం కొలుస్తారు, దానితో పాటు తల్లికి డబుల్ మార్కర్ రక్తపరీక్ష చేస్తారు. రెండూ కలిపి డౌన్ సిండ్రోమ్ (ఎదుగుదల మందగించే జన్యులోపం) లాంటివి ఉండే అవకాశం ఎంతో చెబుతాయి. రిస్క్ ఎక్కువ అని వస్తే బిడ్డకి జబ్బు ఉన్నట్టు కాదు, తేల్చి చెప్పే పరీక్ష ఇంకోటి చేయించుకోమని అర్థం. 14 వారాలు దాటితే ఆ నీటి పొర కొలత పనికిరాదు, అందుకే తేదీ మీద అంత పట్టుదల.

16 వారాలకి బిడ్డ బరువు 100 గ్రాములు దాటుతుంది, 20 వారాలకి 300 గ్రాములు పైన, తల నుంచి మడమ దాకా 25 సెంటీమీటర్లు. వేలిముద్రలు ఈ నెలల్లోనే పడతాయి. ఒంటినిండా సన్నటి నూగు, దానిమీద తెల్లటి వెన్నలాంటి పూత ఉంటుంది. నీటిలో నెలల తరబడి ఉన్నా చర్మం పాడవకుండా ఆ పూతే కాపాడుతుంది. పుట్టగానే దాన్ని శనగపిండితో రుద్ది రుద్ది వదిలించాలని చూసే పెద్దవాళ్ళకి ఈ మాట చెప్పండి.

మొదటి కాన్పువాళ్ళకి కదలిక 18 నుంచి 20 వారాల మధ్య తెలుస్తుంది, రెండో కాన్పుకి ఇంకా ముందే. మొదట్లో గ్యాస్ తిరుగుతున్నట్టే ఉంటుంది. మాయ గర్భసంచికి ముందువైపు ఉన్నవాళ్ళకి మరికొంత ఆలస్యంగా తెలుస్తుంది.

ఇక టిఫా. గర్భంలో నేను అన్నిటికంటే ముఖ్యమనుకునే స్కాన్ ఇదే. తల లోపలి నిర్మాణం, పెదవి, గుండె నాలుగు గదులు, వెన్ను, కడుపు గోడ, కిడ్నీలు, చేతులు, కాళ్ళు ఒక్కొక్కటీ చూస్తారు. బిడ్డ అనుకూలంగా తిరిగి లేకపోతే కాసేపు నడిచి రమ్మంటారు, విసుక్కోకండి. ఐదో నెలలో మంచిరోజులు లేవనో, చలిమిడి పెట్టే కార్యక్రమం అయ్యాక వెళదామనో దీన్ని వాయిదా వేయొద్దు. ఏదైనా తేడా కనపడితే ఇంకో డాక్టర్ని కలవడానికి, గుండె స్కాన్‌కి, పుట్టిన వెంటనే ఆపరేషన్ చేయగల ఆస్పత్రిని చూసుకోవడానికి టైము కావాలి. తీవ్రమైన లోపమే అయి గర్భం తీయించుకోవాల్సి వస్తే చట్టం కూడా వారాలే చూస్తుంది, 20 వారాలు దాటితే ఇద్దరు డాక్టర్ల అభిప్రాయం, 24 దాటితే మెడికల్ బోర్డు అనుమతి కావాలి. టిఫా మామూలుగా వచ్చినా అన్ని లోపాలూ అందులో కనిపిస్తాయని కాదు, పెద్దవి చాలావరకు తెలుస్తాయి.

ఆ గదిలో ఆడా మగా అని అడగొద్దు. 1994 నాటి చట్టం ప్రకారం చెప్పడమూ నేరమే, అడగడమూ నేరమే. కోడలికి ఆడపిల్ల పుట్టిందని నిందించే ఇళ్ళకి ఒక్కటే మాట, బిడ్డ ఆడా మగా అన్నది బిడ్డ కడుపున పడిన క్షణంలోనే తండ్రి నుంచి వచ్చే కణాన్నిబట్టి తేలిపోతుంది. పొట్ట ఆకారం, తినాలనిపించే రుచులు, ఎడమవైపు కదలికలు, వీటికీ దానికీ సంబంధం లేదు. కుంకుమపువ్వు పాలతో బిడ్డ రంగు కూడా మారదు. ఆ డబ్బుతో రోజూ ఒక గుడ్డు, పప్పు, కాసిని పల్లీలు తింటే బిడ్డకి పనికొస్తుంది. అంగన్‌వాడీలో పేరు రాయించుకుంటే గుడ్లు, పాలు వాళ్ళే ఇస్తారు.

24 వారాలకి 600 గ్రాములు. ఊపిరితిత్తుల్లో గాలి గదులు అతుక్కుపోకుండా ఉంచే పదార్థం ఈ సమయంలోనే తయారవడం మొదలవుతుంది, అది సరిపడా వచ్చేది 34, 35 వారాల తర్వాతే. నెలలు నిండకుండా నొప్పులు వచ్చినవాళ్ళకి 34 వారాల లోపు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వేసేది దీనికోసమే, వాటివల్ల బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా సిద్ధమవుతాయి. స్టెరాయిడ్ అనే పేరు విని వద్దనకండి. బిడ్డకి బయటి శబ్దాలు వినపడటం కూడా ఇంచుమించు ఈ రోజుల నుంచే, అన్నిటికంటే బాగా వినపడేది మీ గొంతు. పుట్టాక ఆ గొంతుని గుర్తుపడుతుంది. కాబట్టి మాట్లాడండి, పాడండి, అన్నమయ్య కీర్తన అయినా సినిమా పాట అయినా బిడ్డకి ఒకటే. 28 వారాలకి కిలో దాటుతుంది, కళ్ళు తెరుస్తుంది.

షుగర్ పరీక్ష మొదటి చెకప్‌లో ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య మరోసారి. 75 గ్రాముల గ్లూకోజ్ కలిపిన నీళ్ళు తాగించి రెండు గంటల తర్వాత రక్తం తీస్తారు, 140 లేదా ఆపైన వస్తే గర్భంలో షుగర్ ఉన్నట్టు. మీ రక్తంలో చక్కెర ఎక్కువైతే అది మాయ దాటి బిడ్డకి చేరుతుంది, బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువ తయారై బరువు విపరీతంగా పెరుగుతుంది, పుట్టగానే తల్లి నుంచి వచ్చే చక్కెర ఆగిపోయి బిడ్డకి షుగర్ పడిపోతుంది. మనం మూడు పూటలా అన్నం తినేవాళ్ళం, మన దగ్గర ఇది ఎక్కువే కనిపిస్తుంది. చాలామందికి తిండి మార్చుకుని, తిన్నాక నడిస్తేనే సరిపోతుంది.

ఏడో నెల తర్వాత: బరువు, ఐరన్, కదలికలు

32 వారాలకి 1.7 కిలోలు, 36కి రెండున్నర పైన, నెలలు నిండేసరికి మన దగ్గర పిల్లలు ఎక్కువమంది 2.8 నుంచి 3 కిలోల దాకా ఉంటారు. రెండున్నర కంటే తక్కువైతే తక్కువ బరువు కింద లెక్క. స్కాన్‌లో చెప్పే బరువు అంచనా మాత్రమే, 10 నుంచి 15 శాతం అటూ ఇటూ ఉండొచ్చు. ఒక్క స్కాన్‌లో వచ్చిన అంకె పట్టుకుని బెంగపడొద్దు, రెండు స్కాన్ల మధ్య ఎంత పెరిగిందో చూడాలి.

పుట్టిన తర్వాత ఆరు నెలలకి సరిపడా ఐరన్‌ని బిడ్డ ఈ చివరి మూడు నెలల్లోనే మీ నుంచి తీసుకుని దాచుకుంటుంది. అందుకే ప్రభుత్వం నాలుగో నెల నుంచి 180 రోజులు ఐరన్ మాత్రలు ఇస్తుంది. మలబద్ధకం వస్తుందని, నల్లగా విరేచనం అవుతుందని వాటిని బీరువాలో పడేసేవాళ్ళు ఎంతోమంది. నల్లగా రావడం మామూలే. టీ, కాఫీలతో గానీ కాల్షియం మాత్రతో గానీ కలిపి వేసుకోకండి, కనీసం రెండు గంటల తేడా ఉంచి నిమ్మరసంతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. అస్సలు ఇమడకపోతే మానేయకుండా డాక్టరుకి చెప్పండి, వేరే రకం ఇస్తారు, హిమోగ్లోబిన్ మరీ తక్కువైతే ఇంజెక్షన్ ఉంది.

కదలికల సంగతి జాగ్రత్తగా చదవండి. 28 వారాల నుంచి మీ బిడ్డకి ఒక పద్ధతి ఏర్పడుతుంది, కొందరు రాత్రి పది తర్వాత గంతులు వేస్తారు, కొందరు మీరు తిన్నాక. ఆ పద్ధతి మీకు తెలియాలి. అనుమానం వస్తే ఏదైనా తిని, ఎడమవైపు తిరిగి పడుకుని లెక్కపెట్టండి, రెండు గంటల్లో 10 కదలికలు రాకపోతే ఆస్పత్రికి బయల్దేరండి. నెలలు నిండాక చోటు చాలక కదలికలు తగ్గుతాయని చెప్పేవాళ్ళు మీకు తప్పకుండా తగులుతారు. ఆ మాట నమ్మొద్దు. తన్నే తీరు మారొచ్చు గానీ కదలడం తగ్గకూడదు, చివరి రోజు దాకా. రాత్రి పూట అయినా, నిన్ననే స్కాన్ బాగుందన్నా సరే వెళ్ళండి, వెళ్ళి గుండె చప్పుడు చూపించుకుని రండి. ఏమీ లేకుండా నాలుగుసార్లు వెళ్ళినా ఫర్వాలేదు. లయగా టిక్ టిక్ అని కొట్టుకున్నట్టు ఉంటే అది ఎక్కిళ్ళు, దానికి కంగారు వద్దు. 28 వారాల తర్వాత వెల్లకిలా పడుకోకుండా పక్కకి తిరిగి పడుకోండి, బరువైన గర్భసంచి పెద్ద రక్తనాళాల మీద పడి బిడ్డకి రక్తం తగ్గకుండా ఉంటుంది.

రిపోర్టుల్లో భయపెట్టే మాటలు కొన్ని ఉంటాయి. టిఫాలో మాయ కిందికి ఉందని రాస్తే గర్భసంచి పెరిగేకొద్దీ అది చాలామందికి పైకి జరుగుతుంది, 32 వారాలకి మళ్ళీ చూస్తారు. ఈ లోపు రక్తం కనిపిస్తే మాత్రం వెంటనే వెళ్ళాలి. ఎదురుకాళ్ళతో ఉందంటే 36 వారాల దాకా తిరిగే అవకాశం బాగా ఉంది. పేగు మెడలో ఉందని రాయడం చాలా మామూలు, ఎంతోమంది పిల్లలు అలాగే పుట్టి హాయిగా ఉంటారు, బిడ్డకి గాలి అందేది మెడ నుంచి కాదు, ఆ తాడులోంచి. మేనమామకి గండం అనే మాటని పుట్టిన పసిబిడ్డ మీద వేయకండి.

సీమంతం అయ్యాక విజయవాడ నుంచి గుంటూరుకో, గుంటూరు నుంచి ఇటో పుట్టింటికి వెళతారు, అక్కడ కొత్త డాక్టరు. మీ తేదీ ఏ స్కాన్‌తో ఖాయం చేశారో, బ్లడ్ గ్రూపు, ప్రతి స్కాన్ రిపోర్టు, బీపీ కొలతలు రాసిన తల్లీబిడ్డ కార్డు ఒకే ఫైల్లో పెట్టుకుని వెళ్ళండి, అన్నిటికీ ఫోటోలు తీసి ఫోన్‌లోనూ, మీ ఆయన ఫోన్‌లోనూ ఉంచండి. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు ఇళ్ళలోకి ఎంత నీళ్ళొచ్చాయో మనందరం చూశాం. ప్రైవేటుకి వెళ్ళే స్తోమత లేకపోతే ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణులకి ఉచితంగా చెకప్ ఉంటుంది, మీ ఆశా కార్యకర్తని అడిగితే దగ్గర్లో ఎక్కడో చెబుతుంది. గుంటూరు జీజీహెచ్ లాంటి పెద్దాస్పత్రిలో ఇబ్బందులున్న కాన్పులు కూడా చూస్తారు.

ముహూర్తం పెట్టేముందు

మన దగ్గర సిజేరియన్‌కి పంతులుగారి దగ్గర ముహూర్తం పెట్టించుకోవడం మామూలైపోయింది. నక్షత్రం చూసుకోవడం మీ ఇష్టం, నేను కాదనను. నా మాట ఒక్కటే, ఆ తేదీ 39 వారాలు నిండాక ఉండాలి. 35 వారాలకి బిడ్డ మెదడు బరువు నెలలు నిండినప్పటి బరువులో మూడింట రెండొంతులే, మిగతాది ఈ చివరి వారాల్లోనే పెరుగుతుంది. ఊపిరితిత్తుల్లో నీరు ఇంకడం, ఒళ్ళు వెచ్చగా ఉంచే కొవ్వు పట్టడం, పాలు చీకి మింగే శక్తి రావడం కూడా అప్పుడే. 37 వారాలకి కారణం లేకుండా తీసిన బిడ్డకి ఆయాసం వచ్చి అద్దాల గదిలో పెట్టాల్సిన అవకాశం 39కి పుట్టిన బిడ్డ కంటే ఎక్కువ. పంతులుగారికి తేదీలు ఇచ్చేటప్పుడే 39 వారాలు నిండే రోజు, మన జనవరి 10 లెక్కలో అయితే అక్టోబరు 10, తర్వాతవి మాత్రమే చూడండి అని చెప్పండి, ఆయన అందులోంచే మంచిది చూస్తారు. బీపీ, షుగర్, బిడ్డ ఎదుగుదల ఆగడం లాంటివి ఉండి డాక్టరే ముందుగా తీయాలంటే అది వేరే విషయం, అప్పుడు ముహూర్తం కోసం ఆగొద్దు. ఏడో నెలలో పుడితే బతుకుతారు, ఎనిమిదో నెలలో పుడితే బతకరు అనే మాట కూడా నిజం కాదు, కడుపులో ఉన్న ప్రతి వారమూ బిడ్డకి బలమే.

తేదీ వచ్చినా నొప్పులు రాకపోతే కంగారు పడకండి, 41 వారాల దాకా డాక్టరు చూస్తూ ఆగుతారు, ఆ తర్వాత నొప్పులు రావడానికి మందు పెడతారు, ఎందుకంటే అప్పటికి మాయ పనితనం తగ్గుతుంటుంది.

ఏ వారమైనా సరే ఆగకుండా వెళ్ళాల్సినవి ఇవి: రక్తం కనపడటం, ఉమ్మనీరు పోవడం, కదలికలు తగ్గడం, 37 వారాల లోపు కడుపు మాటిమాటికీ గట్టిపడి నొప్పి రావడం, జ్వరం, ఫిట్స్. 20 వారాలు దాటాక తగ్గని తలనొప్పి, కళ్ళు మసకలు, ముఖం చేతులు ఒక్కసారిగా వాచడం, కుడి పక్కటెముకల కింద నొప్పి, ఇవి బీపీ లక్షణాలు, 140/90 దాటితే బిడ్డకి వెళ్ళే రక్తం కూడా తగ్గుతుంది. బండి దొరకలేదని తెల్లారేదాకా చూడొద్దు, 108కి ఫోన్ చేసి, ఎన్ని వారాలో ముందు చెప్పండి.